గురుడు కన్య దాటిన వారం

సీతాఫల్‌మండిలో మా గల్లీ చివర రైలు కట్ట ఉంది. బండి వెళ్ళినప్పుడల్లా మా ఇంట్లో చాయ్ దానంతట అదే కలుస్తుంది. చక్కెర వేస్తే చాలు, చెంచా అక్కర్లేదు. ఈ మాట నా మనవరాలు నమ్మదు. నమ్మనక్కర్లేదు. కానీ మా ఎదురింటి యేసురాజు గురించి నేనిప్పుడు చెప్పేదాన్ని నమ్మవచ్చు. ఇందులో ఉన్న అబద్ధం ఒక్కటే, అది నేనాడిందే. ఆ చోటు వచ్చినప్పుడు చెప్తాను.

యేసురాజు రైల్వే సిగ్నళ్ళు బాగుచేసే పనిలో ముప్పై నాలుగేళ్ళు ఉండి రిటైరయ్యాడు. తండ్రి బాపట్ల వైపు నుంచి వచ్చినవాడు, తను పుట్టింది లాలాగూడ క్వార్టర్స్‌లో. అందుకే ఆయన మాట సగం అక్కడిది, సగం ఇక్కడిది. సన్నగా, నిటారుగా, దూరం నుంచి చూస్తే తనే ఒక సిగ్నల్ స్తంభంలా ఉంటాడు. చొక్కా జేబులో పెన్ను ఉండదు, టెస్టర్ ఉంటుంది. గల్లీలో ఏ ఇంటి కాలింగ్ బెల్ మూగబోయినా పిలవకముందే వచ్చి గుమ్మంలో నిలబడతాడు.

ఆయన ఉద్యోగంలో జరిగిన ఒక సంగతి గల్లీలో అందరికీ కంఠతా వచ్చు. సిగ్నల్ చెడిపోతే బాగుచేసేవాడు ముందు ఒక కాగితం రాసిస్తాడు, ఇది పనిచెయ్యడం లేదని. పనయ్యాక ఇంకో కాగితం మీద సంతకం పెడతాడు, ఇక వాడుకోవచ్చని. ఆ రెండో సంతకం పడేదాకా ఆ సిగ్నల్‌ని ఎవరూ ముట్టుకోకూడదు. ఒకసారి ఎవరో పెద్దమనుషులున్న బండి వచ్చి నిలబడింది. యేసురాజు పెట్టె తెరిచి ఒక్కొక్క వైరూ పరీక్షిస్తున్నాడు. ఫోన్ల మీద ఫోన్లు. సంతకం పెట్టెయ్యవయ్యా, మిగతాది తర్వాత చూసుకుందువు అని. ఆయనది ఒకటే మాట: "లోపల పని అవుతోంది సార్." నలభై నిమిషాలు బండి అట్లాగే నిలబడింది. ఆ తర్వాత ఆయన చేతికి మందలింపు కాగితం వచ్చింది. దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెళ్ళి ఫోటో పక్కన తగిలించుకున్నాడు. ఇంటికి వచ్చినవాళ్ళకు ముందు అది చూపిస్తాడు, మంచినీళ్ళు ఆ తర్వాత.

అంత నిదానస్తుడికి నక్షత్రాల పిచ్చి పట్టింది కూతురి వల్ల. కూతురు జెరూషా, అల్లుడు ఎరిక్ విశాఖపట్నంలో ఉంటారు. పెళ్ళయ్యాక జెరూషాకు రెండుసార్లు కడుపు పోయింది. రెండోసారి ఆరో నెలలో. ఆ తర్వాత మూడు నెలలు యేసురాజు చర్చికి వెళ్ళలేదు. సాయంత్రాలు మా అరుగు మీద కూర్చునేవాడు. ఒకరోజు అన్నాడు, "రఘన్నా, ముప్పై నాలుగేళ్ళలో ఒక్క బండి కూడా నాకు చెప్పకుండా రాలేదు. గంట మోగేది, దీపం మారేది. ఇది మాత్రం చెప్పకుండా వచ్చి వెళ్ళిపోయింది."

నేను సాధారణంగా ఏదో ఒక కథ అల్లి మనిషిని నవ్వించేవాణ్ణి. ఆ రోజు నాకేమీ దొరకలేదు.

దేవుడు ముందుగా చెప్పకుండా ఉండడు, ఎక్కడో చెప్పే ఉంటాడు, చదవడం మనకే రాలేదు. ఇదీ ఆయన ఆలోచన. ఆకాశంలోని జ్యోతులు గుర్తులకూ కాలాలకూ పెట్టినవని ఆదికాండంలో ఉంది కదా. ఫోను తెరిస్తే ఆ గుర్తుల్ని విప్పి చెప్పే ప్రసంగీకులు దేశదేశాల వాళ్ళు దొరికారు. ఒక పొడుగాటి నోటుబుక్కులో రాశులు గీసుకోవడం షురూ చేశాడు.

ఇక్కడ నేను కలిశాను. నేను హిందువునే గానీ, అయిదో తరగతి దాకా సిస్టర్ల కాన్వెంటులో చదివినవాణ్ణి. బైబిలు పరీక్షలో వరసగా మూడేళ్ళు బహుమానం నాదే. మా ఇంటికి ఉగాదికి పంచాంగం వస్తుంది. ఈ రెండూ ఒక్క మనిషి దగ్గర, అదీ ఎదురింట్లో దొరకడం యేసురాజుకు కలిసొచ్చింది.

"రఘన్నా, అది ఉందా?"

"ఏదీ?"

"అదే. పసుపుపచ్చ అట్టది."

"పంచాంగం అని నోరారా అడుగరాదయ్యా? నాలుక కాలదులే."

"మెల్లగా! ప్రేమమణి బట్టలారేస్తోంది."

దాన్ని చర్చి పత్రిక మధ్యలో దాచుకుని తీసుకెళ్ళేవాడు. ఆయన భార్య ప్రేమమణి ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన టీచరు. పుస్తకంలో పుస్తకం దాచేవాళ్ళను ఎంతమందిని చూసిందో! మేడమీద నుంచే వినిపించేలా అనేది, "యేసు పుట్టినప్పుడు నక్షత్రం చూసి బయల్దేరిన ముగ్గురు జ్ఞానులూ ఏనాడో ఇళ్ళకు పోయారు అన్నయ్యగారూ. నాలుగో ఆయన మాత్రం నీళ్ళ మోటరు వెయ్యడం మరిచిపోయి ఇక్కడే తిరుగుతున్నాడు."

అట్లా మూడేళ్ళు నడిచింది. 2017 వచ్చింది. జెరూషాకు మళ్ళీ నెల తప్పింది. ఈసారి ఆరు దాటింది, ఏడు దాటింది. కాన్పుకు పుట్టింటికి వచ్చింది. గల్లీ ఆడవాళ్ళంతా ఆమె ముందు మెల్లగా మాట్లాడేవాళ్ళు, గట్టిగా మాట్లాడితే ఏమైనా అవుతుందేమో అన్నట్టు. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందని, ఆపరేషన్ చెయ్యాల్సిందేనని డాక్టర్ కల్పలత చెప్పింది. ముప్పై తొమ్మిది వారాలు నిండాక, సెప్టెంబరు ఇరవై ఏడు, బుధవారం.

యేసురాజు నోటుబుక్కులో అప్పటికే ఇంకో తారీకు ఉంది. ప్రకటన గ్రంథం పన్నెండో అధ్యాయంలో ఆకాశంలో ఒక స్త్రీ కనిపిస్తుంది. సూర్యుణ్ణి చుట్టుకుని ఉంటుంది, పాదాల కింద చంద్రుడు, తలమీద పన్నెండు నక్షత్రాల కిరీటం, పురిటినొప్పులు. ఆమే కన్యారాశి అంటారు ఆ వీడియోల వాళ్ళు. సెప్టెంబరు ఇరవై మూడున సూర్యుడు ఆమె భుజం దగ్గర, చంద్రుడు కాళ్ళ దగ్గర. తలపైన సింహరాశి చుక్కలు తొమ్మిదీ, బుధుడు, కుజుడు, శుక్రుడూ కలిసి పన్నెండు. తొమ్మిది నెలలుగా ఆమె కడుపులో తిరుగుతున్న గురుగ్రహం బయటికి వస్తుంది. అదే యేసుప్రభువు రెండో రాకడకు గుర్తు.

ఆయన రావడం యేసురాజుకు సంతోషమే. భయమంతా వేరే చోట ఉంది. ఆ దినాల్లో గర్భిణులకు శ్రమ అని సువార్తలో ఉంది. ఇరవై మూడున జెరూషా నిండు చూలాలు.

"ఇరవై లోపల చేయించెయ్యాలి రఘన్నా" అన్నాడు ఆగస్టు చివర్లో ఒక సాయంత్రం. "ఆ రోజుకి బిడ్డ చేతుల్లో ఉండాలి. కడుపులో ఉండకూడదు."

"జెరూషాతో అన్నవా?"

"అన్నాను. ఏడ్చింది."

ఇదిగో, నేను చెప్తానన్న చోటు ఇదే. ఆ పిల్ల ఏడ్చిందనగానే నాకు మనసు ఆగలేదు. ఈ ఇరవై మూడో తారీకునే ఎత్తి అవతల పారేస్తే పీడ వదులుతుంది కదా అనుకున్నాను. పంచాంగం తెరిచి ఆయన ముందు పెట్టాను. అందులో గురుడు కన్యను దాటి తులలోకి వెళ్ళేది సెప్టెంబరు పన్నెండున. ఆ రోజే కావేరి పుష్కరాలు మొదలు. ఇంతవరకు నిజమే.

"చూసినవా? నీ ఇరవై మూడు నాటికి గురుడు కన్యల ఉండనే ఉండడు. ఆమె కడుపు ఖాళీ. నీ వీడియో వాళ్ళ లెక్క మొత్తం గలత్."

"వాళ్ళది పెద్ద పెద్ద కంప్యూటర్ల లెక్క రఘన్నా."

"కంప్యూటరా? మా తాత కాలంల బేగంపేటల దుర్బీను పెట్టుకున్న తెల్లదొర ఒకడు, మా ఇంటి పంచాంగం చూసి తన దుర్బీను తిప్పుకునేటోడు తెలుసా? గురుడు కనపడకపోతే గుర్రం బండేసుకొని మా తాత దగ్గరికి ఉరికొచ్చేటోడు. మన లెక్క తప్పదయ్యా. పన్నెండంటే పన్నెండే."

మా తాత బియ్యం కొట్టు నడిపాడు. ఆయన జన్మలో ఏ దొరతోనూ మాట్లాడలేదు. దుర్బీను సంగతి నాకు ఆ నిమిషంలో పుట్టింది, చాలా ముచ్చటేసింది కూడా.

యేసురాజు ఆ పేజీని చాలాసేపు చూశాడు. "అయితే పన్నెండన్నమాట" అని మెల్లగా అని, పంచాంగం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. పత్రిక మధ్యలో దాచుకోవడం కూడా మరిచిపోయాడు. నేను గెలిచాననుకుని హాయిగా నిద్రపోయాను.

ఓ వారం గడిచాక పొద్దున్నే మా ఇంటి ముందు ఆటో ఆగింది. లోపల యేసురాజు. "ఎక్కు రఘన్నా, డాక్టరమ్మ దగ్గరికి. పన్నెండు లోపల కావాలని చెప్దాం."

ఆటో కదిలాక గానీ నేను చేసిన పని నాకు తలకెక్కలేదు. తారీకు పోలేదు, ఇంకా ముందుకు జరిగి కూర్చుంది. అప్పుడే నిజం చెప్పి ఉండాల్సింది. డాక్టరమ్మ ఎట్లాగూ ఒప్పుకోదు, మధ్యలో నేను చెడ్డవాణ్ణి కావడం దేనికి అనుకుని నోరు మూసుకున్నాను. డెబ్బై రెండేళ్ళు వచ్చినా పిరికితనం తగ్గదు.

"డాక్టరమ్మగారూ, తారీకు మార్చాలి" అన్నాడు యేసురాజు. "పదకొండుకి."

"అక్టోబర్ పదకొండా? అంత లేట్ వద్దు సార్."

"సెప్టెంబరు. వచ్చే సోమవారం."

డాక్టర్ కల్పలత కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "ముహూర్తమా? దసరా నాడే కావాలని నా దగ్గర ఆరుగురున్నరు. ఒకాయన నిమిషాలతో సహా రాపిచ్చుకొచ్చిండు. కానీ సార్, మీరు సుత ముహూర్తం తెచ్చిన్రా? మీరు క్రిస్టియన్స్ కదా?"

"మేము ముహూర్తాలు నమ్మమమ్మా" అన్నాడు యేసురాజు నొచ్చుకుని.

"మరి ఇదేంది?"

"ఇది ప్రవచనం."

నేను గోడమీది పసిపాప బొమ్మను మహా శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాను.

ఆమె నవ్వలేదు. "సార్, ఆ రోజుకు ముప్పై ఏడు వారాలు సుత నిండవు. ఊపిరితిత్తులు తయారయ్యే టైమిది. మనం తొందరపెడితే బిడ్డకు ఊపిరి తక్లీఫ్ కావచ్చు. జెరూషాకు ఇప్పటికే రెండు పోయినయ్. ఏ కారణం లేకుండ నేను ముందుకు జరప. మీరు పరేషాన్ కాకున్రి."

తిరిగి వచ్చేటప్పుడు ఆయన ఆటోలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. నాకు లోలోపల సంతోషం, గండం గడిచిందని.

గడవలేదు. ఆదివారం మధ్యాహ్నం, చర్చి చీర మార్చుకోకుండానే ప్రేమమణి మా ఇంటికి వచ్చింది. పంచాంగాన్ని బల్లమీద పెట్టింది. పెట్టిందనకూడదు, పడేసింది.

"మీది మీరు తీసుకోండి అన్నయ్యగారూ. ఇంకెక్కడో నర్సింగ్ హోమ్‌లో ఒప్పుకున్నారట. రేపు పొద్దున తొమ్మిదింటికి. సంచీ సర్దుతోంది పిల్ల."

"జెరూషా సరే అన్నదా?"

"రెండు పోగొట్టుకున్నదాన్ని మూడోదాని గురించి భయపెడితే ఏమంటుంది? కాకి అరిచి చెప్పినా సరే అంటుంది. ఎరిక్‌కి ఫోన్ చేస్తానంటే వద్దు మమ్మీ, ఆయన కూడా భయపడతారు అంటోంది." ఆమె కుర్చీ లాక్కుని కూలబడింది. ముప్పై ఏళ్ళు క్లాసుల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టిన మనిషి. "బేగంపేట దొర ఎవరండీ అసలు?"

నేను తల దించుకున్నాను. అదే ఆమెకు జవాబు.

ఆ సాయంత్రం పొద్దు గుంకగానే యేసురాజును మా మిద్దె మీదికి తీసుకెళ్ళాను. రెండు రోజుల వాన వెలిసి పడమటి వైపు మబ్బు చీలింది. మౌలాలి వైపు నుంచి వచ్చే బండి కూత వినిపిస్తోంది. కాసేపు వేచి చూశాం. నీళ్ళ ట్యాంకుల వరస పైన, పల్చటి ఎరుపులో ఒక పెద్ద చుక్క వెలిగింది. దాని ఎడమ పక్కన, రెండు వేళ్ళ దూరంలో ఇంకో చిన్నది.

"అదేంది చెప్పు?"

"ఏదో చుక్క."

"గురుడు. నువ్వు మూడేళ్ళ నుంచి నోటుబుక్కుల తిప్పుతున్న గురుడు."

ఆయన పిట్టగోడను పట్టుకున్నాడు. మూడేళ్ళుగా ఆ గ్రహం ఏ రోజు ఎక్కడుందో నోటికి చెప్పగలిగిన మనిషి, ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు. చాలాసేపు చూశాడు.

"ఎంత నెమ్మదిగా ఉందో" అన్నాడు.

"పక్కనున్నది చిత్త నక్షత్రం. మన పంచాంగం వాళ్ళు కన్యకు అక్కడ హద్దు గీసుకున్నరు. గురుడు ఆ చుక్క పక్క నుంచి పోతే వాళ్ళకు కన్య అయిపోయినట్టే. నీ వీడియో వాళ్ళు ఆమె బొమ్మను ఇంకా కిందిదాకా, కాళ్ళదాకా గీసుకున్నరు. అందుకే వాళ్ళకు ఆలస్యం. నా మనవరాలు ఫోన్ల చూపిచ్చింది. రెండూ మనుషులు గీసుకున్న గీతలే యేసురాజూ. చూడు, పైన గీత ఉన్నదా?"

"మరి నువ్వే అన్నావుగా, మీ పంచాంగం తప్పదని. దొర వచ్చి దుర్బీను తిప్పుకున్నాడని."

"దొర లేడు. దుర్బీను లేదు. మా తాత బియ్యం అమ్మేటోడు. నిన్ను ఇరవై మూడు నుంచి తప్పియ్యాలని అప్పటికప్పుడు అల్లిన."

ఆయన నావైపు తిరిగాడు. ఆయన కోపం నేనెప్పుడూ చూడలేదు, కేకలు ఉంటాయనుకున్నాను. లేవు. "నా బిడ్డతో వేళాకోళమాడావా రఘన్నా" అని మెట్లు దిగిపోయాడు. ఆ మాట కంటే రెండు దెబ్బలు వేసినా బాగుండేది.

వెనకాలే వెళ్ళాను. వెళ్ళకపోతే ఇంక ఎప్పటికీ ఆ గుమ్మం ఎక్కలేనని తెలుసు. హాల్లో దివాను మీద జెరూషా కూర్చుని ఉంది. పక్కన సంచీ. కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. ప్రేమమణి కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"డాడీ, ఒక్క నిమిషం కూర్చోండి."

"రేపటికి అన్నీ పెట్టుకున్నావా అమ్మా?"

"కూర్చోండి అంటున్న కదా." ఆయన కూర్చున్నాడు. "పొద్దున్నుంచి సరే సరే అంటున్న. కానీ అన్నం దిగుతలేదు. మీకు కోపమొస్తదేమో."

"చెప్పు."

ఆమె గోడమీది ఫ్రేమును చూపించింది. "నా చిన్నప్పటి నుంచి అది ఎన్నిసార్లు చెప్పినరు డాడీ? నా ఫ్రెండ్స్ వచ్చినా అదే. పెళ్ళిచూపులకొచ్చిన ఎరిక్‌కి సుత అదే. బండి నిలబడ్డది, అందరు ఫోన్లు చేసిన్రు. మీరేమన్నరు?"

యేసురాజు కూడా ఫ్రేము వైపు తిరిగాడు.

"లోపల పని అవుతోంది సార్, అన్నరు." ఆమె రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. "ఇక్కడ సుత లోపల పని అవుతోంది డాడీ. డాక్టరమ్మ చెప్పింది కదా. ఇంకా కాలేదు. మీరే నన్ను సంతకం పెట్టమంటున్నరు."



"శ్రమ దినాలొస్తేనో?" ఆయన గొంతు నాకే సరిగ్గా వినపడలేదు. "నువ్వు ఇట్లా ఉన్నప్పుడే వస్తే? మళ్ళీ నీకేమైనా అయితే నేను చూడలేనమ్మా. ముందే చెప్పాడు కదా, చదివి కూడా ఊరుకున్నానని..."

"వస్తే రానీయండి. మీరున్నరు, మమ్మీ ఉంది. బిడ్డ నా లోపలుంటే మేమిద్దరం ఒక్క దగ్గరే ఉంటం. తొందరపడి బయటికి తీసి, ఊపిరాడక అద్దాల పెట్టెల పెడితే, అప్పుడది ఒక్కటే ఉంటది డాడీ."

యేసురాజు లేచాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. ఫోను తీసి నిటారుగా నిలబడి నంబరు నొక్కాడు. "రేపటిది వద్దండీ. యేసురాజునండీ, సీతాఫల్‌మండి. లేదండీ, ఇంకో తారీకు కూడా వద్దు. లోపల పని అవుతోంది." అవతలి వాళ్ళకు ఏం అర్థమైందో గానీ, ప్రేమమణి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు మోగించసాగింది. ఆమె ఏడ్చేటప్పుడు అట్లాగే చేస్తుంది.

నాతో మాత్రం మాట్లాడలేదు. పన్నెండో తారీకు వచ్చింది. మా గల్లీ కాలువ పొంగడం తప్ప ఏమీ జరగలేదు. ఆ మర్నాడు మా కాలింగ్ బెల్ మూగబోయింది. దాని వైరు నేనే పీకానని ఎవరూ రుజువు చెయ్యలేరు. యేసురాజు వచ్చి నిలబడ్డాడు, టెస్టర్ తీశాడు, వైరు చివర చూశాడు, నన్ను చూశాడు.

"పళ్ళతో కొరికావా రఘన్నా?"

"ఎలుకలు ఎక్కువైనయ్."

"ఎలుకకి పళ్ళసెట్టు కూడా ఉన్నట్టుంది" అని వైరు కలిపాడు. మా ఆవిడ చాయ్ ఇచ్చింది, తాగాడు. అంతటితో మాకు రాజీ అయింది.

ఇరవై మూడు శనివారం. పొద్దున్నుంచే ఆయన తెల్లచొక్కా వేసుకున్నాడు. నేను సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను, తోడుగా ఉందామని. గల్లీలో ఆడపిల్లలు బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. జెరూషా వరండాలో కుర్చీలో కూర్చుని వాళ్ళను చూస్తోంది. పడమట సన్నని చంద్రుడు, దానికి బాగా కిందుగా గురుడు, ఇళ్ళ చాటుకు దిగిపోబోతూ. యేసురాజు కూతురి పాదాల దగ్గర చాప మీద కూర్చుని, వాచిన కాళ్ళకు కొబ్బరినూనె రాస్తున్నాడు. మధ్యమధ్యలో ఆకాశం వైపు చూస్తున్నాడు.

లోపలి నుంచి ప్రేమమణి కేకేసింది. "ఏవండీ! ప్రభువు వచ్చేలోగా పప్పు పోపు పెట్టమంటారా, ఆగమంటారా?"

"పెట్టు. ఆయనకి కూడా వాసన తగలనీ" అన్నాడు యేసురాజు. జెరూషా కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి "అబ్బా, తంతున్నది" అంది.

ఆయన చెయ్యి అట్లాగే ఆగిపోయింది. "నిజంగా?"

"చూడండి."

నూనె చేతిని పంచెకు తుడుచుకుని, ఒక వేడి వస్తువును ముట్టుకున్నట్టు మెల్లగా ఆమె కడుపు మీద పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు. నేను ఆ వైపు చూడకుండా బతుకమ్మ ఆడేవాళ్ళను చూశాను.

తర్వాత ఆయనే అన్నాడు, "గుర్తు అబద్ధం కాదు రఘన్నా."

"నేనన్ననా?"

"నాకు చదవడం రాలేదంతే. సిగ్నల్ బాగుచెయ్యడం వేరు, బండి ఎప్పుడొస్తుందో తెలియడం వేరు. నేను రెండూ నా పనే అనుకున్నాను."

"డాడీ, ఈ కాలు అయిపోయింది. ఆ కాలు" అంది జెరూషా.

ఆయన రెండో కాలు ఒళ్ళోకి తీసుకున్నాడు. గురుడు ఎప్పుడు దిగిపోయాడో మాలో ఎవరమూ చూడలేదు. పప్పు మాత్రం బాగా కుదిరింది.

ఇరవై ఏడున పొద్దున్నే అందరం డాక్టర్ కల్పలత నర్సింగ్ హోమ్‌కి వెళ్ళాం. ముందు రోజు వచ్చిన ఎరిక్, జెరూషాతో పాటు థియేటరు తలుపుదాకా నడిచాడు. ప్రేమమణి కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తోంది. యేసురాజు కూర్చోలేదు. తలుపుకు ఎదురుగా, గోడకు ఆనుకోకుండా నిలబడ్డాడు. మా పక్క బెంచీలో ఇంకో కుటుంబం, వాళ్ళ చేతిలో ముహూర్తం రాసిన చీటీ, గడియారం. వాళ్ళ పెద్దాయన నిమిషానికోసారి "అయిపోతది, టైం అయిపోతది" అని గొణుగుతున్నాడు. యేసురాజు ఆయన వంక జాలిగా చూసి మంచినీళ్ళ సీసా అందించాడు.

తలుపు తెరుచుకుంది. నర్సు పిల్ల మాస్కు కిందికి లాగింది.

"జెరూషా వాళ్ళు ఎవరు? పాప పుట్టింది. తాతగారూ, టైం చెప్పాల్నా, రాసుకుంటరా? అందరు ముందుగాల అదే అడుగుతరు."

"టైం వద్దు తల్లీ. ఏడ్చిందా?"

"ఏడ్చుడా? ఇంకా ఆపలేదు. మీకు వినొస్తలేదా?"

అప్పుడు విన్నాం. తలుపు సందులోంచి, సన్నగా, ఊపిరి నిండుగా పీల్చుకుని మళ్ళీ మళ్ళీ. యేసురాజు ఒక చేత్తో గోడను పట్టుకుని, నేను ఎరిగిన ఇన్నేళ్ళలో మొదటిసారి నడుము వంచి, నేల మీదే కూర్చుండిపోయాడు. ప్రేమమణి పక్కన చతికిలబడి ఆయన తలను తన భుజానికి ఆనించుకుంది. ఎరిక్ తనూ కూర్చోవాలో, లోపలికి పోవాలో తెలియక నిలబడిపోయాడు.

నేను మాత్రం గోడగడియారం వైపు ఒక చూపు చూశాను. పదకొండూ పద్నాలుగు. అలవాటు పోదు కదా. ఇంతవరకు ఆయనకు చెప్పలేదు. ఇక్కడ రాశాను గానీ ఆయన చదవడులెండి. ఆ కళ్ళజోడు ఎప్పుడు చూసినా ఆయన మనవరాలి చేతిలోనే ఉంటుంది.